పొగ డబ్బాకు పెట్టిన బొట్టు

“నాకు ముక్కున్నది. నీ మిషన్‌కు ఉన్నదా?”

“లేదు బాబాయ్ గారూ. రెండు పిన్నులున్నాయి. డబ్బా నిండిపోయిందని అవి చెబుతున్నాయి. ఇంజను మీద లోడు తీసేయండి.”

“నిండితే వాసన మారుతది. నాకైతే ఏ వాసనా వస్తలేదు.”

“ఇక్కడ డెబ్బై దాటిందండీ. మీరే చూడండి.”

“నాకు గూడ డెబ్బై దాటనియ్యి బిడ్డా, గప్పుడు నీ మాట ఇంట.”

చుట్టూ ఉన్న డ్రైవర్లు పకపకా నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. చేతిలోని తెరను ఆపరేటర్ మొహానికి ఎదురుగా పట్టుకుని అలాగే నిలబడింది. ఇద్దరిలో ఒక్కరూ తగ్గేలా లేరు. నేను చాయ్ గ్లాసులు తెచ్చి బండి బానెట్ మీద పెట్టాను.

“సల్లారితే మళ్ల కాసేది లేదు. తాగి కొట్లాడుకోండ్రి” అన్నాను.

“నువ్వు కాసేదే ఒక్కపారి అక్కా. పత్తి మాత్రం మూడు జన్మలెత్తుతది” అన్నాడు ఆపరేటర్. మళ్లీ నవ్వులు. నా పొదుపు మీద ఆ షెడ్డులో నవ్వనివాడు లేడు. నవ్వితే నవ్వారు, నేను మాత్రం చాయ్‌పత్తి పారబోయలేదు.

సినిమా షూటింగులకు జనరేటర్ బండ్లు కిరాయికిచ్చే షెడ్డు అది. ఫిల్మ్‌నగర్ ఎత్తు దిగుతుంటే ఎడమ పక్కన ఉండేది. అందులో నేను స్టోరు చూసేదాన్ని. డీజిల్, ఆయిల్, తుడిచే గుడ్డలు, చక్రాల కింద పెట్టే నిమ్మకాయలు, ఏది కావాలన్నా నన్నడిగే తీసుకోవాలి. అడిగిన ప్రతివాడితోనూ గొడవే. నా చదువు నాలుగో తరగతి దగ్గర ఆగిపోయింది. ఈ కాలంలో కొత్తగా పనుల్లో చేరే పిల్లలు ఇలాంటివి చదువుతారని మా మనవరాలు అంటే రాస్తున్నాను. అక్షరాలు ఆమె దిద్దింది. మాటలు నావి.

ముందు ఆపరేటర్ సంగతి చెప్పాలి. షూటింగులో జనరేటర్ బండి దూరంగా, గోడ చాటున ఉంటుంది. చప్పుడు మైకులో పడకూడదని అలా పెడతారు. ఆ చప్పుడు దగ్గర రోజంతా కూర్చునే మనిషి ఆపరేటర్. హీరో ఎవరో, కథ ఏమిటో అతనికి తెలియదు. లైట్లు వెలిగాయా ఆరాయా, అంతే తెలుసు. మా ఆపరేటర్ పెళ్లి కాకముందు నుంచీ అదే పనిలో ఉన్నాడు. చెవులు ఎప్పుడో పోయాయి. పక్కన నిలబడి అరిస్తే సగం వినేవాడు, మిగతా సగం పెదాలు చూసి పట్టేవాడు. ఇంజను మాట వినబడకపోయేసరికి వాసన పట్టడం మొదలుపెట్టాడు. పొగ వాసన చూసి డీజిల్ చిమ్మే నాజిల్ చెడిందో, ఆయిల్ కాలుతోందో చెప్పేవాడు. చాలాసార్లు నిజమయ్యేది కూడా. అందుకే అతనికి ముక్కు మీద అంత గర్వం.

ఆ అమ్మాయి గుంటూరు వైపు పిల్ల. ఇంజనీరు. పొగ డబ్బాలు తయారుచేసే కంపెనీ పంపించింది.

డబ్బా ఏమిటంటారా? జూబ్లీ హిల్స్ బంగళాల్లో షూటింగ్ పెడితే చుట్టుపక్కల వాళ్లు పొగ అని గొడవ చేయడం ఎక్కువైంది. పొగ వదిలే బండ్లు మాకు వద్దని సినిమా వాళ్లూ అనసాగారు. దాంతో మా ఓనరు ఒక బండికి, పొగ గొట్టం మధ్యలో పెద్ద ఉక్కు డబ్బా బిగించాడు. లోపల తేనెపట్టు లాంటి పింగాణీ గదులు. వాటికి ఏదో మందు పూత. డీజిల్ మసి ఆ గదుల్లో చిక్కుకుంటుంది, మందు తగిలి వేడికి కాలిపోతుంది. బయటికి మసి లేని గాలి వస్తుంది. కానీ మసి అంతా దానంతట అదే కాలదు, పేరుకుంటూ ఉంటుంది. అందుకని అప్పుడప్పుడు బండిని ఖాళీ జాగాకు తీసుకుపోయి, ఇంజను వేడి పెంచి లోపలి మసిని నెమ్మదిగా కాల్చాలి. ఊరికే కాలిస్తే డీజిల్ దండగ. ఆలస్యం చేస్తే మసి అంతా ఒక్కసారి అంటుకుని పింగాణీ కరిగిపోతుంది. ఎంత నిండిందో తెలియాలి, అదే ముఖ్యం.

తెలుసుకోవడానికే ఆ పిల్ల డబ్బాకు రెండు పిన్నులు బిగించింది. చిటికెన వేలంత ఉంటాయి. ఒకటి లోపలికి తరంగాలు పంపుతుంది, రెండోది అందుకుంటుంది. వంటింట్లో మైక్రోవేవ్ పొయ్యి ఉంటుందే, ఆ జాతి తరంగాలేనట, కాకపోతే చాలా కొద్దిగా.

“మా మెదడు ఉడుకుతదా మరి?” అని ఓ డ్రైవర్ అడిగాడు.

“ఉండాలి కదండీ ముందు” అంది ఆ పిల్ల. ఆ రోజు నుంచి నాకు నచ్చింది.

నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను. “బియ్యం డబ్బా తట్టి చూస్తారు కదా అమ్మా, ఎంత ఖాళీ అయిందో చప్పుడును బట్టి తెలుస్తుంది. ఇదీ అంతే. చప్పుడు బదులు తరంగం. ఖాళీ డబ్బా ఒక స్వరంలో గట్టిగా మోగుతుంది. మసి పేరుకున్న కొద్దీ ఆ స్వరం కిందికి జారి మొద్దుబారుతుంది. ఎంత జారిందో చూసి, నూటికి ఎంత నిండిందో నంబరు చెబుతుంది” అంది. నాకు నమ్మకం కుదిరింది. బియ్యం డబ్బా నన్ను ఏనాడూ మోసం చేయలేదు.

ఓనరు కోస్తా మనిషి. మాట మెత్తన, లెక్క గట్టి. ఆపరేటర్‌నూ నన్నూ పిలిచి విషయం దాచకుండా చెప్పాడు. “ఈ డబ్బా, ఈ పిన్నులు సరిగ్గా పనిచేస్తే అన్ని బండ్లకూ పెట్టిస్తాను. షెడ్డు నడుస్తుంది. లేదంటే బండ్లు అమ్మేసి ఈ జాగా కాఫీ షాపు వాళ్లకి ఇచ్చేస్తానండీ. వాళ్లు ఎప్పటినుంచో అడుగుతున్నారు.”

బయటికి వచ్చాక ఆపరేటర్ అన్నాడు, “నీకు ఎక్కడన్న వంట దొరుకుతదక్కా. చెవిటోణ్ణి నన్నెవడు పిలుస్తడు?” నిజమే. ఏ షెడ్డువాడూ పిలవడు. ఆ బండి ఉంటేనే అతనికి పని.

అయినా ఆ పిల్లతో కొట్లాట మానలేదు. ఇందాక చెప్పిన కొట్లాట అప్పటిదే. ఆ సాయంత్రం ఇంజను చల్లారాక ఆమె స్పానర్ తీసుకుని, “డబ్బా విప్పుదాం బాబాయ్ గారూ. నాది తప్పయితే రేపటి నుంచి రాను” అంది.

“విప్పు. నేను గూడ చూస్త” అన్నాడు.

విప్పారు. మూత తీయగానే గుప్పుమని కమురు వాసన కొట్టింది. సగం కాలిన డీజిల్ వాసన, కళ్లు మండాయి. ఆ పిల్ల చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను. డ్రైవర్లు దగ్గుతూ వెనక్కి జరిగారు. పింగాణీ గదులన్నీ నల్లగా పూడుకుపోయి ఉన్నాయి.

ఆపరేటర్ ఒక్కడే డబ్బా మీదికి వంగాడు. గట్టిగా పీల్చాడు. మళ్లీ పీల్చాడు.

“ఏది, వాసనేడున్నది?” అన్నాడు. తల ఎత్తి మమ్మల్ని చూశాడు. కొంగులు, చున్నీలు, అడ్డం పెట్టుకున్న చేతులు చూశాడు. అప్పుడు నెమ్మదిగా అడిగాడు. “గంత వస్తున్నదా?”

ఇంతకాలం వాసన పట్టి చెబుతున్నాడని మేమనుకున్నదాంట్లో ఎన్నాళ్లుగా ఊహ మాత్రమే ఉందో అతనికే తెలియదు. ఇంజను చెవులతో ఆగలేదు, దాని పొగ ముక్కును కూడా తీసుకుపోయింది. అతను చేతులు తుడుచుకుని బండి వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. ఆ పూట చాయ్ మీద జోకు వేయలేదు.

మర్నాటి నుంచి మనిషి మారిపోయాడు. పొద్దున రాగానే తెరను తన తువ్వాలుతో తుడిచేవాడు. “నా ముక్కు ఎట్లున్నది బిడ్డా?” అని అడిగేవాడు. అరవై చూపించగానే ఒకరు చెప్పకముందే బండిని గుట్ట పక్కన ఖాళీ జాగాకు తోలుకుపోయి మసి కాల్చి తెచ్చేవాడు. ఆ పిల్ల ఏం చెబితే అది చేసేవాడు. ఆమె కూడా ‘గారు’ మానేసి బాబాయ్ అనసాగింది. నాలుగు ముక్కలు చదువుకున్న పిల్ల చెబితే చెవిటివాడు వింటున్నాడని డ్రైవర్లు ఎగతాళి చేస్తే, “నీకు ముక్కున్నది గదా, దాంతోటి ఏం పీకినవ్ ఇన్నొద్దులు?” అనేవాడు.

దసరా వచ్చింది.

మా పనిలో దసరాకు పనిముట్ల పూజ తప్పదు. సినిమా వాళ్లకు కెమెరా, ట్రాలీ, లైట్లు, చివరికి దర్శకుడు అరిచే మైకు కూడా బొట్టు పెట్టించుకుంటాయి. బొట్టు లేని పనిముట్టు అలుగుతుందని మా వాళ్ల నమ్మకం. నేనూ నమ్ముతాను. ఆ పిల్ల పండక్కి ఊరెళ్లింది. వెళ్తూ తెరను ఆపరేటర్ చేతిలో పెట్టి జాగ్రత్తలు చెప్పి వెళ్లింది. నీళ్లు పడనీయకు, కింద పడేయకు, అరవై వస్తే కాల్చు.

పూజ రోజు బండ్లన్నీ కడిగాం. బంతిపూల దండలు కట్టాం. గంధం నేనే అరగదీశాను. ఆపరేటర్ ఇంజనుకు పెట్టాడు, స్టీరింగుకు పెట్టాడు, డబ్బాకు మూడు వైపులా పెట్టాడు. తర్వాత ఆ పిన్నుల దగ్గరికి వచ్చి ఆగాడు. పైన వైర్ల మూతలే కనబడుతున్నాయి.

“మూత మీద పెడితే మూతకు పెట్టినట్టయితది” అన్నాడు. “ముక్కుకు పెట్టకుంటె ఎట్లక్కా?”

రెండు వైర్లూ తిప్పి విప్పాడు. ఆమె ఎలా విప్పుతుందో అలాగే, భయంగా, జాగ్రత్తగా విప్పాడు. వైరు కూర్చునే పిన్ను నోట్లో వేలికొనతో తడి గంధం, దాని మీద కుంకుమ పెట్టాడు. కళ్లకద్దుకున్నాడు. మళ్లీ గట్టిగా బిగించాడు. హారతి ఇచ్చేటప్పుడు అతను ఏం మొక్కుకున్నాడో నేను అడగలేదు. అడగాల్సిన పనీ లేదు.

పండగ తర్వాత బండి వరుసగా పనికి పోయింది. సాయంత్రం తిరిగొచ్చి నాకు తెర చూపించేవాడు. “చూడు, నలభై మీద ఆగింది. పెరుగుతలేదు. అమ్మవారి దయ.” లైట్‌మన్ ఒకడు ఇంజను బరువుగా మూలుగుతోందని అన్నాడట. ఇతను తెర చూపించి నోరు మూయించాడట. అలా కాల్చే డీజిల్ మిగిలినందుకు నేను కూడా సంతోషించాను. పొదుపు నా పని.

డబ్బాల కంపెనీ నుంచి పెద్దవాళ్లు చూడటానికి వచ్చే రోజు పెట్టారు. జూబ్లీ హిల్స్‌లో ఒక బంగళా, లోపల పగటి షూటింగ్. కిటికీలకు నల్లగుడ్డలు కట్టి, లోపల బోలెడు లైట్లు. వచ్చిన వాళ్లకు మజ్జిగ ఇవ్వడానికి నన్ను కూడా బండిలో తీసుకెళ్లారు. ఆ పిల్ల పొద్దున బస్సు దిగి నేరుగా అక్కడికి వచ్చింది. రాగానే తెర చూసింది.

“కాల్చారా బాబాయ్?”

“అవసరం పడలే. నువ్వు పోయిననాడు ఎంతున్నదో గంతే ఉన్నది.”

ఆమె మొహంలో సంతోషం కనబడలేదు. “రోజూ బండి నడిచిందా?”

“రోజూ నడిచింది. పూజ చేసినంక మంచిగైంది.”

ఆమె ఓనరు దగ్గరికి పరుగెత్తింది. “సార్, అరగంట ఇంజను ఆపాలి. ఒకసారి విప్పి చూడాలి.”

“ఇప్పుడేంటమ్మా” అన్నాడు ఓనరు. “హీరో కేరవాన్ దిగేశాడు. మీ పెద్దవాళ్లే చూడటానికొచ్చారు. నంబరు బాగానే ఉందిగా.”

“బాగుండటమే అనుమానంగా ఉంది సార్.”

“వాళ్ల ముందు ఆ మాటనకు తల్లీ” అని ఆయన వెళ్లిపోయాడు.

షాట్ మొదలైంది. లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి. ఇంజను మీద అంత బరువు పడగానే డబ్బా వేడెక్కింది. కంపెనీ వాళ్లు తెర చూశారు, నలభై. ఒకాయన మెచ్చుకోలుగా తలూపాడు. ఆపరేటర్ నా వైపు చూసి నవ్వాడు. అతని మొహంలో అంత ధీమా నేను అంతకుముందు చూడలేదు.

లోపల దర్శకుడు ‘కట్’ అన్నాడు. పెద్ద లైట్లు ఆర్పారు. బరువు తగ్గి ఇంజను నెమ్మదించింది. చిక్కు అక్కడే వచ్చిందని తర్వాత తెలిసింది. లోపల మసి అప్పటికే అంటుకుంది. ఇంజను జోరుగా నడిస్తే ఆ గాలే వేడిని బయటికి మోసుకుపోయేది. నెమ్మదించేసరికి వేడి లోపలే చిక్కుబడింది. డబ్బా ఎర్రబడటం ముందు నేను చూశాను. పట్టపగలు ఉక్కు కాగిన పెనంలా ఎర్రగా అయింది. నేను అరిచాను. ఆపరేటర్‌కు వినబడలేదు. అతను తెర వైపే చూస్తున్నాడు. తెర మీద నలభై.

ఆ పిల్ల అతని భుజం పట్టి లాగింది. కింద రాలిన కాగితంపూలు అంటుకున్నాయి. లైట్‌మెన్ ఇసుక పోసి ఆర్పారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇంజను రెండుసార్లు ఎగశ్వాస తీసి ఆగిపోయింది. బంగళా మొత్తం చీకటైంది. లోపలి నుంచి ప్రొడక్షన్ మేనేజర్ వచ్చి డబ్బా వైపు, మా వైపు చూసి, “ఇంకో బండి పిలిపించండి, ఈ షెడ్డుది వద్దు” అని ఫోనులో చెప్పాడు.

డబ్బా చల్లారాక ఆమె వైర్లు విప్పింది. పిన్ను నోట్లో పసుపురంగు పెచ్చు, మధ్యలో ఎర్రటి చుక్క. గంధం ఎండి గట్టిపడి తరంగానికి దారి మూసేసింది. కంపెనీ వాళ్లు కూడా వంగి చూశారు. ఒకాయన నవ్వు ఆపుకోలేక ఫొటో తీసుకున్నాడు.

“ఎవరు పెట్టారిది?” అన్నాడు ఇంకొకాయన.

ఆపరేటర్‌కు మాట వినబడలేదు గానీ ఆ పెచ్చు కనబడింది. “నేనే పెట్టిన బిడ్డా” అన్నాడు ఆ పిల్లతో, వాళ్లతో కాదు. “దాని మంచికే పెట్టిన.”

ఆమె అతని వైపు చూసి తల ఊపింది. తర్వాత వాళ్ల వైపు తిరిగి చెప్పింది. “తరంగం అందకపోతే తెర ఖాళీ కనబడాలి సార్. పోయినసారి ఆఫీసులో మీ ముందు తెర ఆరిపోయిందని మీరు కోప్పడ్డారు. అందుకని, అందనప్పుడు పాత నంబరే చూపించేలా ప్రోగ్రాం నేనే రాశాను. బొట్టు పెట్టకపోయినా ఎప్పుడో ఒకప్పుడు ఇది జరిగేది.”

నవ్విన ఆయన నవ్వు మానేశాడు. అయినా ఆ పిల్లను వాళ్లు మెచ్చుకోలేదు. నిజం చెప్పిన వాళ్లను అక్కడికక్కడే మెచ్చుకోవడం నా ఉద్యోగంలో నేనెక్కడా చూడలేదు, మీరు కూడా ఆశ పెట్టుకోకండి.

తప్పెవరిదని ఆ తర్వాత చాలామంది నన్నడిగారు. నాకు చెప్పడం రాలేదు. మొదట నమ్మనందుకు ఆపరేటర్‌ను తిట్టాం. నమ్మినవాడు మా పద్ధతిలో నమ్మాడు. పిన్నుకు బొట్టు పెట్టకూడదని ఆ పిల్ల చెప్పలేదు. చెప్పాలని ఆమెకెలా తోస్తుంది? నీళ్లు పడనీయొద్దంది, అతను పడనీయలేదు. నేను చూసింది మాత్రం చెప్పగలను. చెవులూ ముక్కూ పోయిన మనిషికి ఒక కొత్త ముక్కు దొరికింది. దాన్ని దేవుడి దగ్గర పెట్టాడు. మీ చేతికి కొత్త యంత్రం ఇచ్చినవాళ్లను అది ఎలా పనిచేస్తుందో ఒక్కటే అడగకండి. పని మానేసినప్పుడు ఆ సంగతి ఎలా చెబుతుందో కూడా అడగండి.

ఓనరు ఆ సాయంత్రం ఎవరినీ తిట్టలేదు. గేటు దగ్గర నిలబడి కాఫీ షాపు వాళ్లకు ఫోను చేశాడు. తర్వాత పాత బండ్లు కొనేవాడికి చేశాడు. రేపే రమ్మన్నాడు.

మర్నాడు పొద్దున ఆపరేటర్ ఎప్పటిలాగే వచ్చాడు. బండి కడిగాడు. ఎండిన బంతిపూలు తీసేశాడు. ఆ పిల్ల తన సామాను తీసుకుపోవడానికి వస్తే, పిన్నులు తనే విప్పి, గంధం మరక పోయేదాకా తుడిచి ఆమె చేతిలో పెట్టాడు. “మీ ఊళ్లె పండగ మంచిగ జరిగిందా?” అని అడిగాడు. “జరిగింది బాబాయ్” అంది ఆమె. కొనేవాడి మనుషులు వచ్చి బండ్లకు గొలుసులు వేస్తున్నారు. నేను స్టోరు తాళాలు ఓనరుకు అప్పగించి వచ్చేసరికి పొయ్యి మీద పాలు అడుగంటాయి. షెడ్డంతా మాడు వాసన. పారబోయడం నాకు చేతకాదు, వాటితోనే చాయ్ పెట్టి అందరికీ పోశాను. డ్రైవర్లు ఒక గుక్క తాగి గ్లాసులు కింద పెట్టారు. ఆ పిల్ల గ్లాసు చేతిలో పట్టుకుని ఊరికే నిలబడింది. ఆపరేటర్ మాత్రం చివరి చుక్క దాకా తాగాడు.

“ఇయ్యాల మంచిగ పెట్టినవక్కా” అన్నాడు. “కొత్త పత్తి ఏసినవా?”

వేశానని చెప్పాను.